గుడ్లకు అరువు లేదు

(కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీ పోషకాహార వారోత్సవాల్లో ఒక కిరాణా వ్యాపారి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, మేడమ్‌గార్లకు, వెనక వరుసలో కునుక్కి సిద్ధమవుతున్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చెప్పమని చీటీ రాసిచ్చారండి. నాకు చీటీ అంటే సరుకుల చీటీయే. చదవడం మొదలెడితే పక్కన ధరలు వేసేస్తానేమోనని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఏమీ అనుకోకండి.

అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు కొట్టు నడిపాను. చదివింది పదో తరగతి. ఇంటి రాబడి, చదువు, తిండి కొనుగోళ్ళ మీద మాట్లాడమన్నారంటే మా అబ్బాయి నవ్వాడు. "నీకు తెలిసింది బెల్లం రేటే కదా నాన్నా" అన్నాడు. అదైనా తెలుసు కదా అని వచ్చాను.

ఇందాక ఎకనామిక్స్ మేడమ్‌గారు ఎంగెల్ అనే జర్మనీ ఆయన సంగతి చెప్పారు. రాబడి పెరిగేకొద్దీ అందులో తిండికయ్యే వాటా తగ్గుతుందని 1857లోనే చెప్పాడట. నిజమేనండి, నా ఖాతాదారుల్లో నేనూ చూశాను. 2022-23 సర్కారు సర్వేలో పల్లెల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా 46 శాతం చిల్లర అని కూడా చూపించారు. నా కన్ను మాత్రం అదే పట్టికలో ఇంకో గడి మీద పడింది. ధాన్యాలకు 5 శాతం లోపే. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిళ్ళు, బయట తినేవి కలిపితే 9.6 శాతం. మేడమ్, ఆ 9.6లో నా చెయ్యి కూడా ఉంది.

మూడు విషయాలు చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. మొదటిది రాబడి. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం వరి చేలో పండించి, ధాన్యం మిల్లుకి తోలేసి, ఇంట్లోకి సన్నబియ్యం బస్తా కొనుక్కెళ్ళిన రైతులు నాకు బోలెడుమంది తెలుసు. చేతిలో నాలుగు డబ్బులాడితే ముందు మారేది కంచంలో అన్నమే.

రెండోది చదువు. దీని దగ్గర నాకు కొంచెం కోపం ఉంది. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారని మా వీధిలో ముందు ప్రచారం చేసింది డిగ్రీ చదివిన పెద్దమనిషే. నీళ్ళలో తేలుతున్నాయి చూడండని గ్లాసులో పోసి మరీ చూపించాడు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలండి, వంద కిలోలకి ఒక కిలో కలిపేవారు. ఏరి పారేశారు ఆడవాళ్ళు. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో పుట్టింది ఎక్కడో తెలుసా? మన భీమవరంలో. ఆయన పుట్టిన గోదావరి గడ్డ మీదే ఆ గింజల్ని కోళ్ళకి వేశాం.

సరే, మూడోది వదిలేస్తాను. మా ఊరి మామ్మ ఒకావిడ సంగతి చెప్పకపోతే నేను ఇక్కడికి వచ్చిన పని కాదు.

2008లో అనుకుంటాను. ఆవిడ కూతురు కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. ఆరేళ్ళ మనవడు మామ్మ దగ్గర. డబ్బు రెండు మూడు నెలలకోసారి వచ్చేది, అందాకా నా అరువు పుస్తకమే ఆధారం. ఆవిడకి చదువు రాదు. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. ఎప్పుడు చూసినా ఆ గీతలూ నా పుస్తకమూ సరిపోయేవి.

ఒక సాయంత్రం వచ్చి, "బాబూ, రెండు గుడ్లు రాసుకోండి, కుర్రోడు నీరసంగా ఉన్నాడు" అంది. నేను బోర్డు చూపించాను. గుడ్లకు అరువు లేదు. గుడ్ల వ్యానువాడు నగదు అడుగుతాడు. రేటు రోజుకోలా ఉంటుంది. పగిలితే నష్టం నాది. బిస్కెట్ల ఏజెంటైతే పదిహేను రోజులు గడువిచ్చేవాడు, ప్యాకెట్లు గుమ్మానికి వేలాడదీయడానికి హుక్కులు కూడా వాడే ఇచ్చాడు, సరిగ్గా పిల్లల కళ్ళకి ఆనేలా. రెండు గుడ్ల ధరకే బిస్కెట్ ప్యాకెట్టు. "ఇది పట్టుకెళ్ళు మామ్మా, రాసుకుంటాను" అన్నాను. పట్టుకెళ్ళింది.

నిన్న రాత్రి ఆ పాత పుస్తకం తీశానండి. ఆ నెలలో ఆవిడ పేరు కింద బిస్కెట్ ప్యాకెట్లు ఇరవై రెండు. గుడ్లు లేవు. ఆ తర్వాతి నెల కువైట్ డబ్బు అందిన రోజున బాకీ తీర్చేసి, నగదిచ్చి మొట్టమొదట కొన్నది అర డజను గుడ్లు, పావు కిలో ఎండు రొయ్యలు.

ఇప్పుడు చెప్పండి బాబూ, ఏది మంచి తిండో ఎవరికి తెలియలేదంటారు? సర్వేలవాళ్ళు ఆవిడ ఇంటికి వెళ్ళారు, ఏం తిన్నారని అడిగారు, రాసుకున్నారు. ఎదురుగా ఉన్న కొట్టుకి ఒక్కరూ రాలేదు. మీరు ప్రాజెక్టులు చేస్తారట కదా, కొట్టువాణ్ణి అడగండి. దేనికి అరువిస్తావు, దేనికి ఇవ్వవు అని అడగండి. అబద్ధం చెబితే పుస్తకం చూపించమనండి.

ఆ బోర్డు 2019లో తీసేశాను. నాకు మోకాళ్ళ నొప్పి, స్టూలెక్కి మేకు పీకింది ఆ కుర్రాడే. అప్పటికి ఇంటర్. "ఇది ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టారు తాతగారూ" అని అడిగాడు. కొట్టు నిండా జనం ఉన్నారు. నేను బెల్లం తూస్తూ ఉండిపోయాను.

సెలవండి.