20 బైట్ల ఫైలు

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటర్ సైన్స్ విభాగం అధ్యాపకులకు, ఇంత ఎండలో భోజనం కాగానే వచ్చి కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు కృతజ్ఞతలు. నన్ను పరిచయం చేసినవారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వాటిలో సగమైనా వెనక్కు తీసుకోవలసిన సంగతి ఒకటి నేను ఈ రోజు చెప్పబోతున్నాను కాబట్టి మర్యాదలను ఇక్కడితో ఆపుతాను.

ఈ రోజు మార్చి 31. మన ఆఫీసుల్లో ఇది లెక్కలు మూసే రోజు. 2011 నుంచి ప్రపంచ బ్యాకప్ దినం కూడా. డేటాబేస్ బ్యాకప్ జాబులలోనూ (జాబ్ అంటే నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే పని), పాత ఫైళ్లను తొలగించే జాబులలోనూ వచ్చే లోపాలను ఎలా కనిపెట్టాలో చెప్పమని మీరు నన్ను పిలిచారు. ఇరవై లోపాల జాబితా రాసుకుని వచ్చాను. కానీ దారిలో బస్సులో కూర్చుని చదువుకుంటుంటే, ఆ జాబితాలో మొదటిదాన్ని సరిగ్గా చెబితే మిగిలిన పంతొమ్మిదీ మీరే కనిపెట్టగలరని అనిపించింది.

చాలా చోట్ల రాత్రిపూట రెండు జాబులు నడుస్తాయి. ఒకటి రెండు గంటలకు బ్యాకప్ తీస్తుంది, ఇంకొకటి మూడు గంటలకు వారం దాటిన ఫైళ్లను తీసేస్తుంది. గాదెలో కొత్త ధాన్యం పోసేవాడు ఒకడు, పాత ధాన్యం ఊడ్చేవాడు ఒకడు అనుకోండి. వీళ్లిద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. పోసేవాడు మంచాన పడినా ఊడ్చేవాడు వేళకు వస్తూనే ఉంటాడు, చీపురు తిప్పుతూనే ఉంటాడు. వారం గడిచేసరికి గాదె ఖాళీ. ఇందులో ఊడ్చేవాడి తప్పు ఏమీ లేదు, వాడు చెప్పిన పని చెప్పినట్టు చేశాడు.

ఇది నాకు పుస్తకంలో దొరికిన సంగతి కాదు. పన్నెండేళ్ల క్రితం ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి రోగుల నమోదు వ్యవస్థను చూసిపెట్టేవాణ్ణి. బ్యాకప్ స్క్రిప్టు, అంటే వరుసగా నడవవలసిన ఆదేశాల ఫైలు, నేను రాసిందే. డేటాబేస్‌ను పాఠంగా బయటకు తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ప్రోగ్రామ్ ఇచ్చినదాన్ని, ఒక ప్రోగ్రామ్ నుంచి మరొకదానికి అందించే పైపు ద్వారా, ఫైళ్లను కుదించే జీజిప్‌కు పంపి, తేదీ పేరుతో ఫైలుగా దాచి, ఆ వరుస విజయవంతమైతే నాకు 'బ్యాకప్ సక్సెస్' అని మెయిల్ పంపేది. ఒక సోమవారం పాస్‌వర్డులన్నీ మార్చాలని పైనుంచి ఆదేశం వచ్చింది. నేనే మార్చాను. స్క్రిప్టులో మార్చడం మరిచిపోయాను.

ఆ రాత్రి ఏం జరిగిందో నిదానంగా చూద్దాం, ఎందుకంటే అసలు పాఠం ఇక్కడే ఉంది. డంప్ ప్రోగ్రామ్ డేటాబేస్ తలుపు తట్టింది, లోపలికి రానివ్వలేదు, అది ఒక దోష సందేశం వదిలి ఆగిపోయింది. పైపులోకి ఒక్క అక్షరం కూడా రాలేదు. జీజిప్ ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి ఒక ఫైలు రాసింది. శూన్యాన్ని కుదిస్తే వచ్చే ఫైలు పరిమాణం సరిగ్గా 20 బైట్లు. కావాలంటే మీ ల్యాబ్‌లో ఇప్పుడే చేసి చూడండి. పైపులో చివరి ప్రోగ్రామ్ గెలిస్తే మొత్తం వరుస గెలిచినట్టే, ఆదేశాలను నడిపే షెల్ లెక్క కడుతుంది. చివరిది జీజిప్, అది గెలిచింది. నాకు సక్సెస్ మెయిల్ వచ్చింది. రోజూ 2 గంటల 4 నిమిషాలకు వచ్చే మెయిల్ ఆ రాత్రి నుంచి సరిగ్గా 2 గంటలకే రావడం మొదలైంది. నాలుగు నిమిషాల పని క్షణంలో ఎలా అయిపోతోందని నాకు అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ మెయిళ్లను నేను తెరిచేవాణ్ణే కాదు.

పన్నెండో రోజున సర్వర్ డిస్కు పోయింది. ఫోల్డర్ తెరిస్తే అన్నీ 20 బైట్ల ఫైళ్లే. అంతకు ముందున్న మంచి కాపీలన్నింటినీ నా క్లీనప్ జాబ్ ఒక్కటి కూడా మిగల్చకుండా తీసేసింది. అంతకు ముందు నెల మొదట్లో బయటి డిస్కులో వేసి, బీరువాలో పెట్టి మరిచిపోయిన కాపీ ఒకటి దొరకబట్టి బతికాం. అప్పటికి అది ఐదు వారాల పాతది. ఓపీ రిజిస్టర్లు ముందు పెట్టుకుని ఐదు వారాల రోగుల వివరాలను మళ్లీ ఎక్కించారు.

ఇది మాకొక్కరికే జరిగింది కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రివేళ ఒక సర్వర్ అనుకుని మరొక సర్వర్‌లో డేటా ఫోల్డర్‌ను తొలగించారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ కోసం వెతికితే నిల్వ స్థలం ఖాళీగా కనిపించింది. వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ మాత్రం 9.2, వెర్షన్ కుదరక అది రోజూ విఫలమవుతోంది. ఆ వైఫల్యాన్ని తెలిపే మెయిళ్లను స్వీకరించే సర్వర్ ధ్రువీకరణ లేదని తిప్పికొడుతోంది. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఉన్నది ఉన్నట్టు తీసిన నకలు, ఒకటి ఉండటం వల్ల గట్టెక్కారు. ఇదంతా ఆ సంస్థ దాచకుండా తానే ప్రచురించింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు మరమ్మతు. స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ అనే షెల్ అమరిక పెడితే పైపులో ఏ ప్రోగ్రామ్ ఓడినా వరుస ఓడినట్టు తేలుతుంది. ఫైలు చెడిపోలేదు కదా అని చూసే జీజిప్ తనిఖీని నమ్ముకోకండి. 20 బైట్ల ఫైలు ఆ పరీక్షలో నిక్షేపంగా పాసవుతుంది. మైఎస్‌క్యూఎల్ డంప్ పూర్తయితే చివర 'డంప్ కంప్లీటెడ్' అన్న వ్యాఖ్య ఉంటుంది, దాన్ని చూడండి. నిన్నటి ఫైలులో సగం కంటే చిన్నదైతే ఆపండి. ఇవన్నీ దాటాకే, అదే స్క్రిప్టులో, తొలగింపు మొదలు కావాలి. అది కూడా వయసు లెక్కన కాదు, సంఖ్య లెక్కన: తనిఖీ దాటిన చివరి ఏడు కాపీలు ఎంత పాతవైనా ఉండి తీరాలి.

తొలగింపు ఆదేశాల గురించి రెండు ముక్కలు. ఫైళ్లను వెతికే ఫైండ్ ఆదేశంలో వయసు షరతుగా ప్లస్ 7 అంటే ఏడు రోజులు దాటినవి కాదు, ఎనిమిది పూర్తి రోజులు నిండినవి. డిలీట్ అన్న మాటను పేరు షరతు కంటే ముందు రాస్తే ఫోల్డర్‌లో ఉన్నవన్నీ పోతాయి. వేళ ప్రకారం జాబులను నడిపే క్రాన్ పట్టికలో తేదీ కోసం శాతం గుర్తు వాడితే క్రాన్ దాన్ని కొత్త పంక్తిగా తీసుకుంటుంది, ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి. టెర్మినల్‌లో చక్కగా నడిచిన ఆదేశం రాత్రి నడవలేదని ఎంతమంది తల పట్టుకున్నారో. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారికి దీనికి తిరగబడ్డ సమస్య: పాత ఫైళ్లు పోవు, డిస్కు నిండుతుంది. ఈ పనులను అమర్చే మెయింటెనెన్స్ ప్లాన్‌లో ఎక్స్‌టెన్షన్‌ను, అంటే ఫైలు పేరు చివరి ముక్కను, చుక్క లేకుండా 'బ్యాక్' (bak) అని మాత్రమే రాయాలి. ఉప ఫోల్డర్ల పెట్టెలో టిక్కు పెట్టినా అది మొదటి వరుస వరకే వెళ్తుంది. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో, వేళకు జాబులను నడిపే ఏజెంటే ఉండదు కాబట్టి జాబ్ ఎందుకు నడవలేదని వెతకడం వృథా.

టైము అయిపోవస్తోందని సభాధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ఐదు నిమిషాలు ఇవ్వండి, నేను చెప్పాలని వచ్చింది ఇంకా మిగిలే ఉంది.

ఆ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్ ఒక అబ్బాయి ఉండేవాడు. రోజూ ఉదయం ఫోల్డర్ తెరిచి, ఒక గీతల నోట్‌బుక్కులో తేదీ, ఫైలు పేరు, సైజు రాసేవాడు. అలా రాయమని అతనికి ఎవరూ చెప్పలేదు. 411 ఎంబీ, 412 ఎంబీ, 412 ఎంబీ అని వరుసగా ఉండి, ఆ మంగళవారం నుంచి 20, 20, 20 అని గుండ్రని అక్షరాలతో ఉంటుంది. రెండో రోజునే నాకు ఫోన్ చేశాడు. "సార్, ఫైలు మరీ చిన్నగా వస్తోందండీ" అన్నాడు. నేను అన్నం తింటున్నాను. "కంప్రెస్ అవుతోంది లేవయ్యా, ఏం ఫర్వాలేదు" అన్నాను.

విచారణ జరిగింది. రోజూ బ్యాకప్ చూడవలసినవాడు చూడలేదని రాసి ఆ అబ్బాయి కాంట్రాక్టు రద్దు చేశారు. స్క్రిప్టు ఎవరు రాశారని, పాస్‌వర్డు ఎవరు మార్చారని నన్ను ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. ఒక సంస్థ తన తప్పును ప్రపంచం ముందు పెట్టగలిగితే, నలుగురున్న గదిలో నేను నోరు విప్పలేకపోయాను. ఆ రోజు చెప్పని మాటను ఈ రోజు మీ ముందు చెబుతున్నాను.

ఇక మిగిలింది చిన్న పని. మీ కళాశాల సర్వర్‌ను చూసే ఆపరేటర్ గారు వెనుక వరుసలో ఉన్నారని విన్నాను. అయ్యా, దయచేసి ముందుకు రండి. నిన్న రాత్రి ఫైలును ఈ కంప్యూటర్‌లోకి తెచ్చి, ఖాళీ డేటాబేస్‌లోకి రిస్టోర్ చేద్దాం, అంటే తిరిగి ఎక్కిద్దాం. ఫైలు సైజు ఎంతుందో మీరే పైకి చదవండి.