పరిహారం ఇచ్చేటప్పుడు రుజువు ఎవరు చూపాలి?

శ్రోతలకు నమస్కారం.

తరతరాలుగా అణచివేతకు గురైనవారికి పరిహారం ఇవ్వాలా అన్న చర్చ ఎక్కడ మొదలైనా, “తప్పు చేసినవాళ్లు ఎప్పుడో పోయారు, ఆ బరువు మేమెందుకు మోయాలి?” అనే ప్రశ్న తప్పక వస్తుంది. బ్రిటన్ ఖాతాపుస్తకాల్లోనే దీనికి జవాబుంది. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఆ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఆ డబ్బు వెళ్లింది యజమానులకు. అందుకోసం తెచ్చిన అప్పు 2015లో గానీ పూర్తిగా తీరలేదు. అంటే ఆ బానిసల మునిమనవల పన్నులు కూడా అందులో కలిశాయన్నమాట. తరాలు మారినా ప్రభుత్వం చేసిన అప్పు మాసిపోదని తేలిపోయింది కదా. నన్ను వేధించే ప్రశ్న వేరు: పరిహారం ఇస్తామన్నాక, రుజువు భారం ఎవరి నెత్తిన పెడతారు?

ఒకే అన్యాయానికి అమెరికా రెండుసార్లు పరిహారం ఇచ్చిన ఉదంతం ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌తో పోరు సాగుతుండగా, 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వుపై సంతకం చేశారు. దాంతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారిని, దాదాపు 1,20,000 మందిని, ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. చేత్తో మోయగలిగినంత సామానే తెచ్చుకోమన్నారు. దుకాణాలు, పడవలు, వ్యవసాయ పనిముట్లు అయినకాడికి అమ్ముకుని వెళ్లారు.

1948లో మొదటి చట్టం వచ్చింది. పోయిన ఆస్తికే డబ్బు. పోయిన సంపాదనకు, గడిపిన నిర్బంధానికి ఏమీ లేదు. గడువు ఏడాదిన్నర. రుజువులు బాధితులే తేవాలి. చేతిసంచులతో వెళ్లినవారి దగ్గర రసీదులు ఎక్కడివి? యుద్ధానికి ముందరి వాళ్ల ఆదాయపు పన్ను పత్రాలను కూడా ప్రభుత్వం అప్పటికే చాలావరకు నాశనం చేసేసింది. 14.8 కోట్ల డాలర్లు అడిగితే దక్కింది సుమారు 3.7 కోట్లు.

రెండో చట్టంపై 1988 ఆగస్టు 10న అధ్యక్షుడు రీగన్ సంతకం చేశారు. బతికున్న ప్రతి బాధితుడికీ 20,000 డాలర్లు, దానితోపాటు క్షమాపణ. నా దృష్టిలో ఆ చట్టం గొప్పతనమంతా ఒక్క నిబంధనలో ఉంది: దరఖాస్తు అడగకుండా, అర్హులను ప్రభుత్వమే వెతికి పట్టుకోవాలి. అందుకు న్యాయశాఖలో ప్రత్యేక కార్యాలయం పెట్టారు. శిబిరాల పాత రికార్డులు బయటికి తీసి, వాటి ఆధారంగా ఒక్కొక్కరి ఆచూకీ కనుక్కున్నారు. ముందు వృద్ధులకు ఇచ్చారు. 1990 అక్టోబరు 9న తొలి చెక్కులు అందుకున్నవారిలో 107 ఏళ్ల పాస్టర్ ఉన్నారు. ఈ సొమ్ముపై పన్ను లేదు. దీన్ని చూపి ప్రభుత్వ సాయం కోయడానికీ వీల్లేదు. రుజువులు అటూ ఇటూ సమానంగా ఉంటే బాధితుడి వైపే తేల్చాలని 1992 సవరణలో చేర్చారు.

లోపాలూ ఉన్నాయి. బతికున్నవారు 60,000 మంది ఉంటారనుకుని 125 కోట్ల డాలర్లు అనుమతించారు. చివరికి తేలినవారు 82,219 మంది. మధ్యలో ఇంకో 40 కోట్లు కలపాల్సి వచ్చింది. చట్టం వచ్చే ముందురోజు చనిపోయినా కుటుంబానికి పైసా రాదు. పెరూ వంటి దేశాల నుంచి పట్టుకొచ్చి నిర్బంధించినవారిని పౌరులు కారంటూ పక్కన పెట్టారు. 1998లో కోర్టు రాజీ ద్వారా వారికి దక్కింది తలకు 5,000 డాలర్లే.

అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివారి వారసుల విషయంలో కష్టమంతా ఇలాంటి అర్హుల జాబితా దగ్గరే. 1850, 1860 జనగణనల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగుతోనే రాసుకున్నారు, పేర్లు రాయలేదు. చాలా కుటుంబాలకు పేరుతో దొరికే తొలి జనగణన 1870ది. కానీ 1862లో వాషింగ్టన్ నగరంలో విముక్తి ఇచ్చి, తలకు 300 డాలర్ల దాకా యజమానులకు చెల్లించినప్పుడు, ఆ యజమానుల అర్జీల్లో ప్రతి బానిస పేరూ ఉంది! బానిసత్వానికి పరిహారంపై 1989 నుంచి అమెరికా చట్టసభలో నలుగుతున్న బిల్లు నేరుగా డబ్బు అడగడం లేదు, ముందు అధ్యయన సంఘం వేయమంటోంది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎవన్‌స్టన్ పట్టణం మాత్రం హద్దులు గీసుకుని మొదలుపెట్టింది. 1919, 1969 మధ్య అక్కడ నివసించిన నల్లజాతివారికి, వారి వారసులకు మొదట్లో ఇంటి కోసం 25,000 డాలర్లు. నిధి మొదట గంజాయి అమ్మకాల పన్ను నుంచి. అయితే తొలి విడతలో 16 మందినే లాటరీ తీసి ఎంచారు. హక్కుగా రావాల్సింది లాటరీలో రావడం నాకు మింగుడుపడదు.

మన దగ్గర మురుగు కాల్వల్లో దిగి చనిపోయేవారి విషయమూ ఇంతే. 1993 నుంచి అలా చనిపోయినవారి కుటుంబాలను గుర్తించి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. గుర్తించాల్సింది ప్రభుత్వమే. కానీ కాంట్రాక్టరు రిజిస్టరులో మనిషి పేరే లేకపోతే, పోలీసు కాగితంలో “ప్రమాదవశాత్తు మరణం” అని మాత్రమే ఉంటే, రుజువు భారం మళ్లీ ఆ ఇల్లాలి మీదే పడుతుంది. ఎఫ్‌ఐఆర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన సంగతి, దింపినవారి పేరు, ఆ పని ఏ సంస్థదన్నది రాయించుకోవాలి. పోస్టుమార్టం నివేదిక నకలు తీసుకోవాలి. కాంట్రాక్టరు చేతిలో పెట్టే కొద్దిపాటి సొమ్ముకు రాజీ కాగితంపై సంతకం పెట్టకూడదు. ఈ జాగ్రత్తలన్నీ దుఃఖంలో ఉన్న కుటుంబం పడాల్సినవి కావు. మురుగు పనికి ఎవరిని పంపినా, కాంట్రాక్టు మనిషైనా సరే, ముందే పేరు రాసుకునే పని పురపాలక సంఘాలది.