ఐదు చెవుల పోర్టు: ప్రింటర్ పోర్టుతో రెండు పాత కంప్యూటర్లను కలపడం

హోస్ట్: నమస్కారమండీ. నెట్‌వర్క్ కార్డు లేదు, యూఎస్‌బీ లేదు, ఫ్లాపీలు సరిగా చదవడం లేదు. అలాంటి రెండు పాత కంప్యూటర్ల మధ్య ఫైళ్లు ఎలా పంపాలో ఈ రోజు మాట్లాడుకుందాం. సీరియల్ పోర్టు ఉంటుంది కదా, ప్యారలల్ పోర్టే, అంటే ప్రింటర్ పోర్టే ఎందుకు?

టెక్నీషియన్: వేగం కోసమండీ. పాత పీసీ సీరియల్ పోర్టు మహా అయితే సెకనుకు 115200 బిట్లు పంపుతుంది. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు 10 బిట్లు పడతాయి. అంటే సెకనుకు 11 కిలోబైట్ల పైచిలుకు. 100 మెగాబైట్లు పంపడానికి రెండున్నర గంటలు. ప్యారలల్ కేబుల్ అంతకన్నా బాగా ముందే ముగిస్తుంది.

హోస్ట్: రెండు చివరలా 25 పిన్లున్న మామూలు కేబుల్ సరిపోతుందా?

టెక్నీషియన్: వద్దు, దాంతో పోర్టే పోవచ్చు. ఆ కేబుల్లో 2వ పిన్ను అవతల 2వ పిన్నుకే వెళ్తుంది. రెండూ బయటికి పంపే పిన్లే. ఒకటి 5 వోల్టులు ఇస్తుంటే ఇంకొకటి సున్నాకు లాగుతుంది, మధ్యలో చిప్ కాలుతుంది. ఈ పోర్టు ప్రింటర్ కోసం పుట్టింది. దీనికి నోళ్లు ఎక్కువ, చెవులు తక్కువ. డేటాకు 8, కంట్రోలుకు 4, మొత్తం 12 పిన్లు మాట్లాడతాయి. వినేవి ఐదే: 10, 11, 12, 13, 15. ‘కాగితం అయిపోయింది’, ‘ఆగు, పనిలో ఉన్నా’ అని ప్రింటర్ చెప్పే మాటలు వినడానికి పెట్టినవి అవి. మనం డేటాను ఆ ఐదు చెవుల్లోకే పంపాలి.

హోస్ట్: మరి 8 బిట్ల బైటు ఐదు తీగల్లో ఎలా పడుతుంది?

టెక్నీషియన్: సగం సగం చేసి. ముందు 4 బిట్లు, తర్వాత 4 బిట్లు. ఐదో తీగ ‘పెట్టాను’, ‘తీసుకున్నాను’ అని కబురు చెప్పడానికి.

హోస్ట్: కేబుల్ మనమే చేసుకోవాలంటే?

టెక్నీషియన్: రెండు డీబీ-25 మేల్ కనెక్టర్లు, 11 తీగల షీల్డెడ్ కేబుల్, అంటే తీగల చుట్టూ లోహపు తొడుగున్న కేబుల్ కావాలి. 2 నుంచి 15కి, 3 నుంచి 13కి, 4 నుంచి 12కి, 5 నుంచి 10కి, 6 నుంచి 11కి కలపండి. ఇవే జతలు తిరుగు దిశలోనూ వేయండి. 25 నుంచి 25కి గ్రౌండ్. మిగతా పిన్లు ఖాళీగా వదిలేయండి. షీల్డును ఒక చివరే కలపాలి. సోల్డరింగ్ అయ్యాక మల్టీమీటరుతో ఒక్కో జతా బీప్ వినండి, పక్క పిన్లకు తగిలి బీప్ రాకూడదని కూడా చూడండి. ఈ రెండో పరీక్షను వదలొద్దు.

హోస్ట్: తగిలించేటప్పుడు?

టెక్నీషియన్: రెండు మెషీన్లూ ఆపి తగిలించాలి. పీసీ వెనక 25 రంధ్రాల ఫీమేల్ కనెక్టరే ప్యారలల్. పిన్లు బయటికి కనిపిస్తే అది సీరియల్. పాత డిస్కులను, స్కానర్లను కలిపే కొన్ని స్కజీ కార్డులకూ ఇలాంటి 25 రంధ్రాల కనెక్టరే ఉంటుంది, పొరబడకండి. కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో, అంటే బయాస్‌లో పోర్టును ముందు మామూలు మోడ్‌లో, ఎస్‌పీపీలో పెట్టండి.

హోస్ట్: డాస్ అయితే ఏం నడపాలి?

టెక్నీషియన్: ఎంఎస్-డాస్ 6లో ఇంటర్‌లింక్, ఇంటర్‌సర్వర్ అనే రెండు ప్రోగ్రాములున్నాయి. ఫైళ్లున్న మెషీన్లో ఇంటర్‌సర్వర్ నడపండి. అది నడిచినంతసేపూ ఆ మెషీన్ ఇంకో పని చేయదు. ఆల్ట్, ఎఫ్4 నొక్కితే బయటికొస్తుంది. రెండో మెషీన్లో డాస్ మొదలయ్యేటప్పుడు చదివే కాన్ఫిగ్ డాట్ సిస్ ఫైల్లో ఇంటర్‌లింక్‌ను డివైస్ లైనుగా చేర్చి రీబూట్ చేస్తే, అవతలి డ్రైవులు ఇక్కడ కొత్త అక్షరాలతో కనిపిస్తాయి. మామూలుగా మూడే వస్తాయి, ఎక్కువ కావాలంటే ఆ లైను చివర డ్రైవ్స్ స్విచ్ చేర్చి చెప్పాలి. సీరియల్ మౌస్ ఉంటే, ప్యారలల్ పోర్టే చూడమని చెప్పే ఎల్‌పీటీ స్విచ్ తప్పక ఇవ్వండి, లేకపోతే అది మౌస్ పోర్టును కూడా వెతుకుతుంది. ఈ డ్రైవుల మీద ఫార్మాట్, చెక్‌డిస్క్, డీఫ్రాగ్ పనిచేయవు.

హోస్ట్: లినక్స్‌లో?

టెక్నీషియన్: అక్కడ ప్యారలల్ పోర్టును నెట్‌వర్క్ కార్డులా వాడే ప్లిప్ డ్రైవర్ ఉంది. ఫైళ్లే కాదు, పూర్తి ఐపీ నెట్‌వర్కే నడుస్తుంది. ఒకవైపు 192.168.7.1, ఇంకోవైపు 192.168.7.2 ఇచ్చి, పాయింట్-టు-పాయింట్, అంటే ఈ రెండింటి మధ్యే నేరు లింకు అని చెబితే చాలు. అయితే పోర్టును నడిపే పార్‌పోర్ట్-పీసీ మాడ్యూల్ లోడ్ చేసేటప్పుడు పోర్టు అడ్రసు 378 హెక్స్, ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్) 7 అని రాసివ్వండి. ఇంటరప్ట్ లేకుండానూ నడపొచ్చు గానీ నెమ్మదిగా ఉంటుంది.

హోస్ట్: అన్నీ సరిగా పెట్టినా పింగ్‌కు, అంటే అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే పరీక్షకు, జవాబు రాకపోతే?

టెక్నీషియన్: ముందు సౌండు కార్డు చూడండి. పాత సౌండ్ బ్లాస్టర్ కార్డులు ఇంటరప్ట్ 7నే వాడేవి, సౌండ్ బ్లాస్టర్ 16 మామూలుగా 5 మీద ఉంటుంది. రెండో ప్యారలల్ పోర్టుకు కావలసిందీ సాధారణంగా ఆ 5వ ఇంటరప్టే. సౌండు కార్డును వేరే ఇంటరప్టుకు మార్చండి. అదీ కాకపోతే 5-10 జత చూడండి. ప్లిప్‌లో అవతలి మెషీన్ను తట్టి లేపే ఇంటరప్ట్ 10వ పిన్నులోనే వస్తుంది. ఒక దిశలో ఆ జత తెగితే, అందుకునే వైపు మెషీన్ తనకు ప్యాకెట్ (డేటా ముక్క) వచ్చిందనే గమనించదు.

హోస్ట్: పింగ్ వస్తుంది, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు?

టెక్నీషియన్: కేబుల్ పొడవు చూడండి. పక్కపక్క తీగల్లో సిగ్నళ్లు ఒకదాన్నొకటి తాకి, కబురు తీగ తప్పు చెబుతుంది. రెండు మీటర్లలోపు ఉంచండి. పొడవు తగ్గించాక అదే ఫైలును మళ్లీ పంపి, రెండు వైపులా సైజు పోల్చి చూడండి.