బ్యాడ్జి ఊడిపోయిన పాత కీబోర్డు ఆంప్: వయసు ఎలా తెలుస్తుంది, జబ్బు ఎక్కడుంది?

నమస్తే అండీ. నా వెనకాల కనిపిస్తున్న ఈ నల్ల పెట్టె గరాజ్ సేల్‌లో తీసుకున్న పాత కీబోర్డు ఆంప్, అంటే కీబోర్డు శబ్దాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్. మా అమ్మాయి డిజిటల్ పియానోకి లోపలి స్పీకర్లు చాలడం లేదని ఎప్పటినుంచో ఇలాంటిదాని కోసం చూస్తున్నాం. కంపెనీ బ్యాడ్జి ఊడిపోయింది, వెనక స్టిక్కర్ మీద అక్షరాలు చెరిగిపోయాయి. అమ్మినాయన కూడా చాలా ఏళ్లుగా దీన్ని ఆన్ చెయ్యలేదన్నారు.

పేరు లేకపోయినా ఇది గిటార్ ఆంప్ కాదని చూడగానే తెలుస్తుంది. కింద 15 అంగుళాల స్పీకరు, పైన హెచ్చు స్వరాలు పలికే హార్న్, ఒక్కో ఛానెల్‌కి విడిగా వాల్యూమ్. గిటార్ స్పీకర్లు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తాయి. గిటార్‌కి ఆ గుణమే అందం, పియానోకి మాత్రం పనికిరాదు. 88 మెట్లలో అన్నిటికన్నా కింది స్వరం 27.5 హెర్ట్జ్, పైది 4186 హెర్ట్జ్, వాటితోపాటు మోగే ఇంకా పై స్వరాలు (హార్మోనిక్స్) వేరే. అవన్నీ పలకాలంటే పెద్ద స్పీకరూ కావాలి, హార్నూ కావాలి.

ఇక వయసు. ప్లగ్ తీసేసి వెనక పలక విప్పాను. నాబ్‌ల వెనక ఉండే పాట్‌లు, అంటే తిప్పితే శబ్దాన్ని పెంచి తగ్గించే భాగాలు, చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. రేకు డబ్బా మీద సన్నగా 1378124 అని కొట్టి ఉంది. మొదటి మూడంకెలు తయారుచేసిన కంపెనీవి, 137 అంటే సీటీఎస్. తర్వాతి 81 సంవత్సరం, 24 వారం. స్పీకర్ ఫ్రేమ్ మీద 67-8130 ఉంది. 67 ఎమినెన్స్ అనే స్పీకర్ల కంపెనీది, అంటే 1981లో 30వ వారం. పాట్‌లు గోదాములో కొన్నాళ్లు ఉండొచ్చు, స్పీకర్ మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. అందుకే ఒక్క అంకె చూసి నమ్మకూడదు. ఇక్కడ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి స్పీకర్ మొదటినుంచీ ఇదేననీ, ఆంప్ 1981 జులై చివర్లోనో ఆ తర్వాతో తయారైందనీ అనుకోవచ్చు. ఇది తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను!

ఒక్క జాగ్రత్త. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో, అంటే కరెంటుని దాచుకునే భాగాల్లో, అది నిలిచి ఉంటుంది. గాజు వాల్వ్‌లతో నడిచే ఆంపుల్లో అది 400 వోల్టులు దాటొచ్చు. లోపల చెయ్యి పెట్టకండి, చూసి చదవండి చాలు.

చాలా ఏళ్లు పడుకున్న ఆంప్‌ని నేరుగా గోడకి పెట్టడం నాకు ఇష్టం లేదు. ఎలక్ట్రికల్ పని తెలిసిన స్నేహితుడి చేత పాతకాలం ఫిలమెంట్ బల్బుని వరసలో కలిపి ఆన్ చేయించాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబడితే పర్వాలేదు, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. మాది మసకబడింది.

శబ్దం వచ్చింది. కాసేపటికి సన్నబడింది, గరగరమంది, ఆగిపోయింది. కొన్ని మెట్లు కలిపి ఒకేసారి గట్టిగా నొక్కితే ఉలిక్కిపడినట్టు తిరిగొచ్చింది. ఈ లక్షణం కనబడితే స్పీకర్ పోయిందని కొత్తది కొనెయ్యకండి. వెనక ప్రీఆంప్ అవుట్, పవర్ ఆంప్ ఇన్ అని రెండు జాక్‌లున్నాయి. ప్రీఆంప్ అంటే సిగ్నల్‌ని సిద్ధం చేసే మొదటి భాగం, పవర్ ఆంప్ అంటే దాన్ని స్పీకర్‌కి సరిపడా పెంచేది. వాటిలో ఏమీ గుచ్చనప్పుడు జాక్ లోపలి చిన్న రేకు తాకుడు మీదుగానే సిగ్నల్ వెళ్తుంది. ఏళ్ల తరబడి కదలక ఆ రేకుకి పొర పడుతుంది. రెంటినీ పొట్టి కేబుల్‌తో కలిపేశాను.

“అమ్మా, ఇప్పుడు ఆగట్లేదు!”

“ఆపకు నాన్నా, నెమ్మదిగా కూడా వాయించు.”

మెల్లగా వాయించినా నిలబడింది. జబ్బు ఆ జాక్‌లోనే ఉందని తేలిపోయింది. ఆంప్ ఆపేసి జాక్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ని కొన్నిసార్లు గుచ్చి తీశాను. తలుపులకి కొట్టే నూనె స్ప్రే వద్దు, జిడ్డు మిగిలిపోతుంది. గరగరలాడే నాబ్‌లకీ ఇదే క్లీనర్, కానీ అది లోపలినుంచి కొట్టాలి కాబట్టి టెక్నీషియన్‌ చేత చేయించండి.

మిగిలింది హమ్. వాల్యూమ్ సున్నాకి తెచ్చినా గుంయ్‌మంటూనే ఉంది, కాబట్టి అది కీబోర్డు నుంచో కేబుల్ నుంచో రావడం లేదు. ఇక్కడ కీబోర్డే మనకి మీటరు. మధ్య సికి ఒక ఆక్టేవ్ కింద సి ఉంటుంది కదా, దాని ఎడమ పక్క బి నొక్కండి. హమ్ దానికన్నా పిసరంత తక్కువ శ్రుతిలో ఉంటే అది దాదాపు 120 హెర్ట్జ్, అంటే మా ఇంటి 60 హెర్ట్జ్ కరెంటుకి రెట్టింపు; పవర్ సప్లైలో కరెంటుని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూడాలి. ఇంకో ఆక్టేవ్ కిందికి, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఎర్త్ కనెక్షన్, బయటి హమ్ లోపలికి రాకుండా వైర్లకి ఉండే తొడుగు (షీల్డింగ్) వైపు వెతకాలి. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇవే 100, 50 అవుతాయి, రెండూ జి స్వరానికి దగ్గర. మాది 120. ఆ కెపాసిటర్ల పని మాత్రం టెక్నీషియన్‌కే ఇస్తున్నాను.

ఇలాంటి ఆంప్ ఇండియాకి తీసుకెళ్దామనుకునేవాళ్లు వెనక వోల్టేజ్ చూడండి. 120 అని మాత్రమే ఉంటే 230కి నేరుగా పెట్టకండి. ఆంప్ తీసుకునే వాట్లకన్నా ఎక్కువ తట్టుకునే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. ఫ్యూజ్ పోతే హోల్డర్ పక్కన ఎంత రాసుంటే అంతే వెయ్యండి, పెద్దది వెయ్యొద్దు.