ఫోకస్ మోడ్ పెట్టండి, మెయిల్‌ను మాత్రం ఆపకండి

నమస్కారం. అమీర్‌పేట హాస్టల్ గది ఇది, ఫ్యాన్ చప్పుడుకు కాస్త సర్దుకోండి. సెట్టింగ్స్ తెరిచాను. కిందికి, ఇంకా కిందికి... ఇదిగో, డిజిటల్ వెల్‌బీయింగ్. ఏ యాప్ ఎంతసేపు వాడామో చూపించి, అదుపు చేసుకోనిచ్చే చోటు. నేనైతే ఇంత దూరం రాను, పైన వెతికే చోట పేరు కొట్టేస్తాను. గూగుల్ 2018లో తెచ్చింది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అంటారు, పని అదే.

ఈ గుండ్రం చూడండి. ఇంకా సాయంత్రం అయిదు కాలేదు, రీల్స్ రెండు గంటల పది నిమిషాలు! ఎల్లుండి సెమిస్టర్ పరీక్ష. నవ్వకండి, మీదీ తెరిచి చూసుకోండి.

ఇక్కడ నొక్కి అరగంట టైమర్. అయిపోయింది. కానీ ఇది అర్ధరాత్రి మళ్లీ మొదటికి వస్తుంది. పన్నెండు కొట్టగానే కొత్త అరగంట దొరికిందని లేచి కూర్చునేవాణ్ని! అందుకే పదకొండు నుంచి బెడ్‌టైమ్ మోడ్. తెర నలుపు తెలుపు అయితే రీల్స్ చప్పబడిపోతాయి.

ఇప్పుడు ఫోకస్ మోడ్. ఆన్ చేస్తే, టిక్కు పెట్టిన యాప్‌లను ఆపి ఉంచుతుంది. ఇక్కడ నిదానించండి. కిందటేడు ఈ జాబితాలో అన్నిటికీ టిక్కు పెట్టేశాను. అన్నిటికీ అంటే మెయిల్‌కు కూడా. ప్లేస్‌మెంట్ల రోజులు. సాయంత్రం ఆరింటికి ఒక కంపెనీ రాతపరీక్ష లింకు పంపింది, అర్ధరాత్రిలోగా రాయాలి. నేనేమో చిక్కడపల్లి లైబ్రరీలో బుద్ధిగా చదువుకుని, గదికి వచ్చి పడుకున్నాను. ఆపిన యాప్ నుంచి కబురే రాదు కదా! తెల్లారి చూస్తే లింకు మూసేశారు. కాబట్టి ఇదిగో, రీల్స్‌కు టిక్కు, ఆటలకు టిక్కు. మెయిల్‌కు వద్దు. మళ్లీ చెబుతున్నాను, మెయిల్‌కు వద్దు. కాలేజీ గ్రూపు ఉన్న యాప్‌కూ వద్దు.

ఫోను సైలెంట్‌లో బల్ల మీదే ఉంటే చాలదా అంటారా? 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకుల ప్రయోగంలో, అలా పెట్టుకున్నవాళ్ల కంటే పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లే పరీక్షల్లో మెరుగ్గా చేశారు. ముగ్గురం ఉండే గదిలో పక్క గది ఎక్కడిది? నేను బీరువా పైన పడేస్తాను, గంటకోసారి దించి మెయిల్ చూస్తాను. టైము కోసం కోఠిలో కొన్న ఈ అలారం గడియారం ఉంది.

సరే, ఆన్ నొక్కండి. రీల్స్ గుర్తు బూడిద రంగులోకి మారిందా? మెయిల్ గుర్తు రంగు మారకుండా ఉందా? అలా ఉంటే సరిగ్గా పెట్టినట్టే.