మీ చక్కెర ఎక్కడుందో వెతుక్కోండి
(తిరుపతిలో పొద్దున నడకకు వచ్చేవాళ్ళ సమావేశంలో ఒక ఆహార సలహాదారు ప్రసంగం)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు. ఏం వదిలారని అడిగి చూడండి. కాకరకాయ అంటారు, లేదా ఎన్నడూ ముట్టని పండు పేరేదో చెబుతారు. జిలేబీ వదిలొచ్చినవాళ్ళు నాకింకా తగల్లేదు. చక్కెర మానేస్తామని ఒట్టేసుకునేవాళ్ళదీ ఇదే వరస. ఎప్పుడో గానీ తాగని కూల్‌డ్రింకు మానేస్తారు, పూటపూటా తాగే టీ జోలికి పోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు పెట్టింది. మనం కలుపుకునే చక్కెర, బెల్లం, తేనె, పళ్ళరసం తీపి అన్నీ కలిపి రోజూ తిండి నుంచి వచ్చే శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. ఆ 5 శాతం అంటే పెద్దవాళ్ళకు సుమారు 25 గ్రాములు, ఆరు టీ చెంచాలు. కొరికి తినే పండు ఈ లెక్కలోకి రాదు.

బస్టాండు దగ్గర ఆటో నడిపే తమ్ముడొకడు "నేను స్వీట్లే తిననక్కా" అన్నాడు. నిజమే. కానీ రోజుకు ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు. అక్కడికే 40 గ్రాములు. అంగట్లో చక్కెర వేసే మరిగిస్తారు కాబట్టి అతను చెంచా చూసిందే లేదు. అడగ్గా అడగ్గా తేలిందేమంటే, అతనికి టీ కంటే అక్కడ నిలబడి నలుగురితో మాట్లాడటమే ముఖ్యం. ఇప్పుడు మజ్జిగ ప్యాకెట్టు పట్టుకుని అక్కడే నిలబడుతున్నాడు. టీ పొద్దున ఒకటే.

ఇంకొకామెది వేరే కథ. కాఫీలో చక్కెరే వేసుకోదు, రాత్రి అందరూ పడుకున్నాక బెల్లం డబ్బా మూత తీస్తుంది. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం చారన్నం. పప్పు లేదు, గుడ్డు లేదు. అంత తక్కువ తింటే రాత్రికి ఆకలి ఊరుకుంటుందా? సాయంత్రం గుప్పెడు ఉడికించిన చెనక్కాయలు, రాత్రికి సంగటి, ఆకుకూర పప్పు పెట్టుకోమన్నాను. డబ్బా ఉన్నచోటే ఉంది, మూత తీసేది తగ్గింది. ఆ తమ్ముడి మందు ఈమెకు పనిచేయదు, ఈమెది అతనికీ పనికిరాదు.

బెల్లం మాటెత్తాను కాబట్టి చెప్పేస్తాను, కోప్పడకండి. చెరకు గానుగల ప్రాంతం మనది. బెల్లంలో ఇనుములాంటివి కాస్త ఉంటాయి, కానీ ఎక్కువ భాగం చక్కెరే. ఒంట్లో చేసే పనీ దాదాపు అదే. చక్కెరకు బదులు టీ, కాఫీల్లో వేసుకునే తీపి బిళ్ళల సంగతి కూడా: బరువు తగ్గడానికి వాటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది. నాకైతే వాటి మీద ఇంకో అనుమానం, నాలుక తీపిని మరిచిపోనివ్వవని.

నాలుక మారుతుంది. కాఫీలో అరచెంచా తగ్గించి కొన్ని వారాలు ఓపిక పడితే పాత కాఫీ వెగటనిపిస్తుంది. కొందరికి ఈ నానబెట్టుడు పడదు, ఒక్కసారిగా మానేస్తేనే కుదురుతుంది. మీరెవరో మీకే తెలుసు.

లడ్డూ సంగతి అడుగుతారని తెలుసు. కొండ మీద కొనే మామూలు లడ్డూ సుమారు 175 గ్రాములుంటుంది. ప్రసాదం చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోండి, మిగతాది పంచేయండి. తిరుపతిలో ఉంటూ లడ్డూ మానేశానని చెప్పుకునేవాళ్ళను నేను నమ్మను.

ఒక్క జాగ్రత్త. ఇన్సులిన్ గానీ, షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళు తీపి, అన్నం ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు చూపించుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగాయంటే చక్కెర పడిపోయిందేమోనని చూసుకోవాలి. అప్పుడు మాత్రం వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. చక్కెర పొట్లం నడకకొచ్చేటప్పుడు జేబులో ఉండాల్సిందే.

ముందు వరసలో అన్న ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. అడగండన్నా.