పంపేది సంఘం, నేర్పేది ఆ ఊరు
(పర్లాకిమిడి యౌవనస్తుల కూటంలో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, తెల్లారకుండానే కొండ దిగి వచ్చిన సవర గిరిజన సంఘాల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా వందనాలు.

నేను నర్సుని. మలావీలో ఒక పల్లె ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు చేసి వచ్చాను. ఈమధ్య ముగ్గురు పిల్లలు విడివిడిగా మా ఇంటికొచ్చి, "అక్కా, దేవుడు నన్ను బయటి దేశానికి పిలుస్తున్నాడనిపిస్తోంది, నిజమో కాదో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. వాళ్ళ కోసమే ఈ మాటలు.

అపొస్తలుల కార్యాలు 13వ అధ్యాయం తీయండి. పిలుపు వచ్చింది బర్నబాకు, సౌలుకు, అంటే పౌలుకు. కానీ ఆ మాట వినబడింది అంతియొకయ సంఘంలో, ఉపవాసముండి ప్రార్థిస్తున్న వాళ్ళందరి మధ్య. వాళ్ళే చేతులుంచి పంపారు. నాకు పిలుపుందని చెప్పిన రోజున అప్పటి మా పాస్టరు అయ్యగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ముందు సెరంగో వైపు కొండ పల్లెల్లో ఒక ఏడాది తిరిగి రామ్మా" అన్నారు. నాకు కోపమొచ్చింది. సముద్రం దాటాల్సినదాన్ని, ఘాటీ ఎక్కమంటారేమిటి అనుకున్నాను.

ఆ ఏడాదే నన్ను నిలబెట్టింది. ఇది గిడుగు రామ్మూర్తి పంతులుగారు బతికిన ఊరు. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, అందులో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. ఇక్కడే పుట్టి, తెలుగూ ఒడియా రెండూ వచ్చిన నేను, పక్క కొండమీది అవ్వను "తిన్నావా?" అని ఆమె భాషలో అడగలేకపోయాను. ఎంత సిగ్గేసిందో!

1910లో స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు మాట్లాడారు. తిరునెల్వేలి నుంచి మన తెలుగు వాళ్ళ మధ్యకు, దోర్నకల్‌కు సేవకు వచ్చిన తమిళుడు ఆయన. అక్కడి పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి, మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆ మాట నేను సూట్‌కేసులో బట్టలకంటే ముందు పెట్టుకెళ్ళాను.

మలావీలో నా మొదటి స్నేహితురాలు ఒక ముసలమ్మ. వాళ్ళ మనవరాలికి మలేరియా తగ్గాక నన్ను భోజనానికి పిలిచింది. కూర్చోగానే గిన్నె, చెంబు తెచ్చి, వంగి నా చేతుల మీద నీళ్ళు పోసింది. అక్కడ అది మర్యాద. నేను చెంబు లాక్కోబోయాను, "మీరు పెద్దవారు, నేనే పోస్తా" అని. ఆమె ముఖం చిన్నబోయింది. అతిథిగా వచ్చి చేతులు చాచడం నాకు చేతకాలేదు! నేనేదో ఇవ్వడానికొచ్చినదాన్ని అనే పొగరు అది. తర్వాత మొక్కజొన్న పిండితో చేసిన ఎన్సీమా ముద్దను ఆకుకూరలో అద్దుకుని ఎలా తినాలో ఆమే చూపించింది. మన చోడి సంకటే గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజునుంచి వార్డులో పొద్దున్నే "మూలీ బ్వాంజీ" అంటే, జవాబు వచ్చేదాకా ఆగడం నేర్చుకున్నాను.

మనవాళ్ళు వెళ్ళడం కొత్తేం కాదు. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళారు. చెరకు, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువాళ్ళ కోసం తెలుగు సంఘాలే ఆయన్ను పంపాయి. 1915లో ఆయన అక్కడే కన్నుమూశారు. అప్పట్లో కానుకలిచ్చిన మనుషులు కోటీశ్వరులు కారు. నేనున్న తొమ్మిదేళ్ళూ మన స్త్రీల సమాజంవాళ్ళు వంటకు ముందు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి, నెలకోసారి అమ్మి, ఆ డబ్బు పంపేవారు. అది ఎవరి ముద్దో నాకు తెలుసు. మా అమ్మ కుండ కూడా అందులో ఉండేది. ఆమె పోయినప్పుడు నేను రాలేకపోయాను. సమాధి మట్టి మూడు నెలల తర్వాత చూశాను. పిలుపులో ఇదీ ఉంటుందని మీకు ఎవరైనా ముందే చెప్పాలి.

ఇంకొక్క విషయం. సేవ పేరు చెప్పి వీసా ఇప్పిస్తానన్న ఒకాయన చేతిలో మా ఇంటి నగ పోయింది. డబ్బడిగితే ఆగండి, పెద్దలకు చెప్పండి. టూరిస్టు వీసా మీద వెళ్ళి ఉద్యోగంలో చేరొచ్చని ఎవరన్నా వినొద్దు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు, ఆ పని నిజంగా చేశాడు. మీరూ ఏ పనికని చెప్పి వెళ్తారో ఆ పనే చేయండి, బాగా చేయండి.

పిలుపుందనుకునేవాళ్ళు కూటం అయ్యాక వెనక బెంచీల దగ్గర ఆగండి. కొండ సంఘాల పెద్దలు ఉన్నారు, వాళ్ళతో మాట్లాడాను. వచ్చే నెల నుంచి ఇద్దరికి వాళ్ళ ఇళ్ళల్లో చోటిస్తామన్నారు. దుప్పటి, పళ్ళెం తెచ్చుకుంటే చాలు.